కిందినుంచి వచ్చే బంతి

వాల్డ్‌రన్
1975 ఏప్రిల్ 27

అక్కా,

నీ ఉత్తరం నాలుగు రోజులు జేబులోనే తిరిగింది. బద్ధకం అనుకోకు, కుడి చెయ్యి బాగాలేదు. భుజంలో ఏదో పట్టేసింది. చెయ్యి చెవి దాటి పైకి లేవడం లేదు. తల ఎడంచేత్తో దువ్వుకుంటున్నాను. ఈ ఉత్తరం కూడా మోచెయ్యి బల్లకి ఆనించి రాస్తున్నాను, అక్షరాలు చూసి నవ్వకు.

మొన్న మేనేజరు హాబ్సన్ నన్ను తన గదిలోకి పిలిచాడు. తలుపు వేశాడు. ఈ బేస్‌బాల్ ఆటలో తలుపు వేశారంటే మంచి వార్త కాదు. "డెల్మర్, నీకు ముప్పై మూడు. పదహారేళ్లుగా చిన్న లీగుల్లోనే తిరుగుతున్నావు. ఇక ఈ కుర్రాళ్లకి బంతి విసరడం నేర్పు. కోచ్ చొక్కా ఇప్పిస్తాను" అన్నాడు.

"వీళ్లకి నేర్పడానికి నాకేం వచ్చు సార్? పెద్ద లీగుకి ఎలా వెళ్లకూడదో ఒక్కటే బాగా వచ్చు" అన్నాను. ఆయన నవ్వలేదు. మే నెలాఖరు దాకా చూస్తానన్నాడు.

నేను కోచ్‌ని కానక్కా. పెద్ద లీగు మైదానంలో ఒక్క రోజు, ఒక్క బంతి వేసి ఆ తర్వాత చేయి ఊడిపోయినా ఫర్వాలేదు. ఈ మాట కొరిన్‌తో అనలేను. పెళ్లయిన తొమ్మిదేళ్లలో నాతో ఎనిమిది ఊళ్లు తిరిగింది. పెట్టెలు సర్దడంలో ఆమెను మించినవాళ్లు లేరు.

మీ బడి వంటగది ఎలా ఉంది? పిల్లలు చిక్కుళ్లు ఇంకా కిటికీలోంచి పారేస్తున్నారా?

నీ తమ్ముడు
డెల్మర్

మార్లో గ్యాప్, కెంటకీ
మే 3

ఒరేయ్ డెల్మర్,

ఫోను చేద్దామనుకున్నాను. మన లైను మీద ఇంకో మూడిళ్లు ఉన్నాయి కదా, నేను రిసీవరు తీస్తే చాలు అందరూ ఊపిరి బిగబట్టి వింటారు. అందుకే కాగితం.

భుజం లేవకపోతే లేవనివ్వకు. ఎవడు లేపమన్నాడు? నేను చొక్కాల ఫ్యాక్టరీ ఆడవాళ్ల జట్టుకి పదకొండేళ్లు బంతి వేశాను. ఒక్కనాడూ నా చెయ్యి నడుం దాటి పైకి పోలేదు. ఆ పదకొండేళ్లలో నన్ను గట్టిగా కొట్టినవాళ్లని ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మా బంతి పెద్దది, మీ బంతి చిన్నది. మణికట్టుకి ఆ తేడా తెలియదు.

చెప్తాను, విను. నడుం వంచు, బల్ల కింద పడ్డ చెంచా తీసుకునేంత వంచు. చెయ్యి పక్కనుంచి, కిందనుంచి తీసుకురా. వేళ్ల కణుపులు మట్టిని తాకీ తాకనట్టు పోవాలి. భుజాన్ని నిద్రపోనివ్వు, పని అంతా నడుముది, మణికట్టుది. బంతి మోకాలి దగ్గర పుట్టాలి. బ్యాటు పట్టుకున్నవాడి కళ్లు పైన వెతుకుతుంటాయి, అక్కడేమీ ఉండదు. వాడు కొట్టినా నేలమీదే దొర్లుతుంది. మీ నియమాల్లో దీనికి అడ్డేమీ లేదు. పుస్తకం తెప్పించి చదివాను.

ఇంకో మాట. సాల్యర్ కలప యార్డులో మేస్త్రీ పని ఖాళీ అయింది. ఆయనతో మాట్లాడాను. జూన్ దాకా ఎవరికీ ఇవ్వనన్నాడు. చెప్పాలి కాబట్టి చెప్పాను.

చిక్కుళ్లు ఇప్పుడు కిటికీలోంచి కాదు, పియానోలో పోస్తున్నారు.

అక్క
ఇమోజీన్

వాల్డ్‌రన్
మే 9

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటి పేజీలో ఆడపిల్లల ఆట ఆడమన్నావు. రెండో పేజీలో కలప యార్డులో చేరమన్నావు. ఏదో ఒక పేజీ రాసి ఊరుకోవాల్సింది.

హాబ్సన్ నన్ను నమ్మకపోతే బాధలేదు. జట్టు డాక్టరు నమ్మకపోయినా బాధలేదు. నువ్వు మాత్రం నన్ను అడక్కుండానే సాల్యర్ దగ్గరికి వెళ్లి నాకోసం ఉద్యోగం పట్టి ఉంచావు! ఊళ్లో అందరికీ తెలిసిపోయి ఉంటుంది, ప్రాటర్ వాళ్ల అబ్బాయి పనైపోయిందని. నేను ఇంకా చావలేదు, శవపేటికకి కొలతలు తీసుకోవద్దు.

ఇక ఆ కిందినుంచి వేసే సంగతి. ఇక్కడ ఇరవై ఏళ్ల కుర్రాళ్ల ముందు నేను చెంచా తీసుకుంటున్నట్టు వంగితే ఏమవుతుందో తెలుసా? నువ్వు ఆడింది ఆదివారం మధ్యాహ్నాల సరదా. ఇది నా బతుకు.

డెల్మర్

మార్లో గ్యాప్
మే 14

డెల్మర్,

సరదా అన్నావు. సరే.

1959 సంగతి నీకు గుర్తులేకపోతే నేను గుర్తుచేస్తాను. నీకు పదిహేడు, నాకు ఇరవై ఐదు. నువ్వు వేసే బంతి పట్టుకునే మగవాడు ఈ లోయలో ఎవడూ లేడు, అందుకని నేను పట్టేదాన్ని. చూపుడు వేలు రెండుసార్లు విరిగింది. పెద్ద ఊరి నుంచి ఆటగాళ్లని ఎంచుకునే ఆయన వచ్చాడు, నిన్ను చూశాడు. ఆ తర్వాత నేను నీకు ఆరు బంతులు వేశాను. నువ్వు బ్యాటు పట్టుకుని ఆరూ తప్పావు. ఆయన పగలబడి నవ్వాడు. "అబ్బాయ్, మీ అక్కని కాస్త కాఫీ తెమ్మను" అన్నాడు.

నువ్వు ఒక్క మాట కూడా అనలేదు. నేను కాఫీ తెచ్చాను. పంచదార సరిపోలేదంటే మళ్లీ వెళ్లి తెచ్చాను. ఎందుకంటే ఆయన జేబులో నీ ఒప్పందం కాగితాలున్నాయి.

ఆ సంగతి పదహారేళ్లుగా నేను ఎత్తలేదు. "ఆడపిల్లల ఆట" అన్నావు కాబట్టి ఎత్తాను.

సాల్యర్ సంగతికి నా దగ్గర సంజాయిషీ ఉంది. చెప్పను. నీకు కోపం తెచ్చుకోవాలని ఉంటే నామీదే తెచ్చుకో, నేను మోయగలను.

నువ్వు ఆ యార్డులో చేరితే నేను నీతో మాట్లాడను. బంతి కిందినుంచి వెయ్యి. సిగ్గు వేస్తే కళ్లు మూసుకుని వెయ్యి.

ఇమోజీన్

వాల్డ్‌రన్
మే 30

అక్కా,

ఈ ఉత్తరం పొడుగు. కూర్చుని చదువు.

నీ మీద కోపంతోనే మొదలుపెట్టాను. ఇది పనికిరాదని నీకు రుజువు చెయ్యాలని, మేముండే మోటెలు వెనక గోడకి వేశాను. రెండో రోజు కొరిన్ వచ్చి, "గోడ ఏం చెప్తుంది నీకు? నాకు వెయ్యి" అని నా పాత గ్లవ్ తొడుక్కుని కూర్చుంది. మూడో రోజు ఒక బంతి చివర్లో వంకర తిరిగి ఆమె ముంగాలికి తగిలింది. అక్కడే కూలబడి ఏడ్చింది. దెబ్బ తగిలిందేమోనని పరిగెత్తాను.

"దెబ్బకి కాదు. కలప యార్డు సంగతి వదినని నేనే అడిగాను. నా పేరు చెప్పొద్దన్నాను. నువ్వు ఆమెని తిట్టి ఉత్తరం రాశావని తెలిసీ నోరు విప్పలేదు" అంది.

బంతి ఏరుకొచ్చి ఆమె పక్కన కూర్చున్నాను. తర్వాత, "ఇప్పుడు కూడా ఇంటికి పోదామనే ఉందా?" అని అడిగాను. కాలు రుద్దుకుంటూ, "ఆ బంతి చూశాక లేదు. ఇంకోటి వెయ్యి" అంది.

నన్ను తిట్టుకో అక్కా, నాకు తగినదే.

ఇక మే 24. మేము తొమ్మిది పరుగులు వెనకబడ్డాం. హాబ్సన్ దగ్గర బంతి వేసే పిచ్చర్లు అయిపోయారు. ఎలాగూ పోయిన ఆటే అని నన్ను పంపాడు. మొదటి బంతి కిందినుంచి వేశాను. అవతలి జట్టు బెంచీ మొత్తం లేచి నిలబడింది.

"తాతా, ఏం పారేసుకున్నావ్?"

"ఎవరైనా ఆయన్ని లేపండ్రా, నడుం పట్టేసినట్టుంది!"

వరసగా వచ్చిన ముగ్గురూ నేలమీదే కొట్టి అవుటయ్యారు. రెండో ఇన్నింగ్స్‌లో బెంచీ కొంచెం నెమ్మదించింది. మూడో ఇన్నింగ్స్‌కి ఎవరూ మాట్లాడలేదు. ఒక్క పరుగు కూడా ఇవ్వలేదు. హాబ్సన్ టోపీ తీసి బుర్ర గోక్కుంటూ, "అదేంటయ్యా అది?" అన్నాడు.

"మా అక్క ఆట సార్" అన్నాను.

కోచ్ చొక్కా సంగతి మళ్లీ ఎత్తలేదు. కొరిన్ ముంగాలు ఇంకా నీలంగానే ఉంది, వచ్చినవాళ్లందరికీ చూపిస్తోంది.

నీ తమ్ముడు
డెల్మర్

మార్లో గ్యాప్
జూన్ 5

ఒరేయ్,

మూడు ఇన్నింగ్స్‌కే పొంగిపోకు. ఇప్పుడు వాళ్లకి తెలిసిపోయింది కాబట్టి కాచుకుంటారు. ఒకే చోట వెయ్యకు. నడుం నొప్పి పెడుతుంది, పెట్టాలి. నొప్పి భుజంలో వస్తేనే తప్పు చేస్తున్నట్టు.

మరదలికి చెప్పు, ముంగాలికి బంతి తగలకుండా ఉండాలంటే మోకాళ్లు దగ్గరగా పెట్టుకుని కూర్చోవాలని. ఆ మాట ముందే చెప్పాల్సింది నేనే.

సాల్యర్‌కి వేరే మనిషిని చూసుకోమన్నాను.

అక్క

డెట్రాయిట్
జూలై 3

అక్కా!

పై ఊరి పేరు చూశావా? మళ్లీ చూడు.

ఇక్కడి పెద్ద లీగు జట్టు అందరికన్నా అడుగున ఉంది, పిచ్చర్లలో ఇద్దరికి చేతులు పాడయ్యాయి. వాల్డ్‌రన్‌లో ఇరవై ఏళ్ల కుర్రాడినే అడిగారట. "వాడు కాదు, ముసలాడు. నా మాట విని వాడిని తీసుకోండి" అన్నాడట హాబ్సన్. నాలుగు గంటల్లో పెట్టె సర్దేసింది కొరిన్. ఈసారి సర్దుతూ పాట పాడింది.

మైదానం గేటు దగ్గర కాపలా ఆయన ఆపాడు. "మీ అబ్బాయి లోపల ఉన్నాడా సార్? తండ్రులకి ఆ పక్క ద్వారం" అన్నాడు.

"నేనే అబ్బాయిని" అన్నాను.

జూలై ఒకటిన, చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో పిలిచారు. ఒకడు అవుట్, ఇద్దరు పరుగుకి కాచుకుని బేసుల మీద ఉన్నారు. బ్యాటుతో వచ్చినవాడు తలుపంత మనిషి. నేను వంగగానే వాడి పెదాలు కొంచెం వంకరయ్యాయి. ఆ నవ్వు నాకు బాగా అలవాటైపోయింది. రెండో బంతిని నేలకేసి కొట్టాడు. ఒకే దెబ్బకి ఇద్దరు అవుట్. ఆట మాదే.

లోపలికి వచ్చి గోడవైపు తిరిగి కాసేపు నిలబడ్డాను. పదహారేళ్లు.

కార్ల ఫ్యాక్టరీలో పనిచేసే మనవైపు వాళ్లు పాతికమంది వచ్చారు. మన యాస వినపడింది, ప్రాణం లేచొచ్చింది. ఇక్కడి చిరునామా వెనక రాశాను.

డెల్మర్

మార్లో గ్యాప్
జూలై 20

శ్రీ డెల్మర్ ప్రాటర్ గారికి,

చర్చిలో ఎవరో డెట్రాయిట్ పత్రిక ముక్క తెచ్చి నా చేతిలో పెట్టారు. మీ ఫొటో బాగుంది. కింద వార్త కూడా చదివాను. చెయ్యి పాడైన పిచ్చర్ హోటలు గదిలో అద్దం ముందు నిలబడి, ఎవరి సాయమూ లేకుండా, తనంతట తానే కొత్త విద్య నేర్చుకున్నాడట.

ఆ అద్దానికి నా నమస్కారాలు చెప్పండి.

ఇమోజీన్ కోమ్స్

డెట్రాయిట్
జూలై 26

అక్కా,

నేను అద్దం అనలేదు. ఆ హోటల్లో అద్దం గెడ్డం గీసుకోవడానికే సరిపోదు.

ఆ పత్రికాయన అడిగితే మొత్తం చెప్పాను. నీ పేరు, ఫ్యాక్టరీ జట్టు, ఉత్తరాలు, చెంచా తీసుకున్నట్టు వంగమనడం, అన్నీ చెప్పాను. ఆయన పెన్సిలు ఆపేసి, "మీ అక్కా? చొక్కాలు కుట్టేవాళ్ల జట్టా? బాగుందయ్యా జోకు. ఇప్పుడు నిజం చెప్పు" అన్నాడు. నిజం అదే అన్నాను. మర్నాడు ఆ అద్దం అచ్చయింది.

నువ్వు నమ్ముతావో లేదో తెలియదు. 1959లో నేను నోరు తెరవాల్సిన చోట మూసుకున్నాను. నువ్వు పంచదార కోసం రెండోసారి లోపలికి వెళ్లినప్పుడు నేను బూట్ల వైపు చూస్తూ నిలబడ్డాను. అది నాకు గుర్తులేక కాదు, గుర్తుండబట్టే ఎప్పుడూ ఎత్తలేదు.

అందుకని ఇప్పుడు ఒక పని చేశాను. పత్రికలవాళ్లు ఎవరొచ్చినా మాట్లాడటం మానేశాను. "మా అక్క పేరు అచ్చువెయ్యండి, అప్పుడు మాట్లాడతా" అంటున్నాను. జట్టు ఆఫీసు మనిషి నన్ను పక్కకి లాగాడు.

"నువ్వు ఇక్కడికొచ్చి పాతిక రోజులు కాలేదు. అప్పుడే గొడవా?"

"పాతిక రోజుల పిల్లాడికి ముప్పై మూడేళ్లు సార్. గొడవ పెట్టుకునే వయసు ఎప్పుడో వచ్చింది."

"నిన్ను ఒక్క ఫోనుతో వెనక్కి పంపగలను, తెలుసా?"

"పంపండి. అక్కడ కూడా ఇలాగే వంగి వేస్తాను" అన్నాను.

ఇంకా పంపలేదు. రాయి అక్కా.

డెల్మర్

డెట్రాయిట్
ఆగస్టు 19

అక్కా,

మూడు వారాలైంది. నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు.

మాట్లాడకపోతే మానె. కానీ నా బంతి చెడిపోయింది. మొన్నటిదాకా నేలమీద కొట్టినవాళ్లు ఇప్పుడు గాల్లోకి లేపుతున్నారు. వరసగా రెండు ఆటలు పోగొట్టాను. ఇక్కడి పిచ్చింగ్ కోచ్ మంచివాడే. కానీ, "నువ్వు వేసేది నాకు అర్థం కాదు, నేను చెయ్యి పెట్టను" అంటున్నాడు. ఈ బంతి గురించి తెలిసిన మనిషి ప్రపంచంలో ఒక్కరే ఉన్నారు, ఆవిడ నామీద అలిగింది.

తిట్టాలనుంటే తిట్టు. ఆ కాగితం అడుగున ఎక్కడో, తప్పు ఏమిటో కూడా రాయి.

డెల్మర్

మార్లో గ్యాప్
ఆగస్టు 23

ఒరేయ్ తమ్ముడూ,

నేను ఆగస్టు ఒకటినే రాశాను! అలవాటుకొద్దీ కవరు మీద వాల్డ్‌రన్ అని రాసి పడేశాను. అది అక్కడంతా తిరిగి నిన్న నా గుమ్మంలోకే వచ్చింది. నువ్వేమో అలిగాననుకున్నావు, నేనేమో డెట్రాయిట్ వెళ్లాక నీకు జవాబివ్వడానికి తీరిక లేదనుకున్నాను. ఆ ఉత్తరం ఇందులోనే పెట్టాను. తర్వాత చదువుకో, ముందు ఇది చూడు.

పోయిన శనివారం పక్కింట్లో టీవీలో నీ ఆట చూశాను. ఎడమ పాదం బయటికి తిప్పి వేస్తున్నావు. దాంతో నడుం ముందే తిరిగిపోతోంది, చెయ్యి వెనకబడుతోంది, బంతి పైకి తేలుతోంది. పాదం బ్యాటు పట్టుకున్నవాడి వైపు తిన్నగా పెట్టు. అంతే. నీ భుజానికి ఏమీ కాలేదు. తెలివికి అవుతుందేమో, చూసుకో.

పత్రికల మీద పంతం సంగతి. నా పేరు కోసం నీ ఉద్యోగం పోగొట్టుకోకు అని రాద్దామనుకున్నాను. కలం కదల్లేదు. కాబట్టి రాయను. నీకు తోచింది చెయ్యి.

అక్క

మార్లో గ్యాప్
సెప్టెంబరు 17

డెల్మర్,

ఆదివారం ఆట రేడియోలో విన్నాను. చర్చి భోజనాలు అప్పుడే అయ్యాయి, ఎవరో కారు తలుపులు తెరిచి రేడియో గట్టిగా పెట్టారు. యాభైమంది దాకా చుట్టూ చేరాం. కోడి మాంసం పళ్లాలు చేతుల్లోనే ఉండిపోయాయి. చివరి ఇన్నింగ్స్, మీకు ఒకే ఒక్క పరుగు ఆధిక్యం, అవతలి జట్టువాళ్లతో మూడు బేసులూ నిండి ఉన్నాయి. నువ్వు వేసిన బంతి రేడియోలో కనపడదు కదా. నేను మాత్రం కళ్లు మూసుకుని నీ ఎడమ పాదం చూశాను. తిన్నగా పడింది. నేలమీద కొట్టి అవుటయ్యాడని చెప్పగానే పళ్లెం వదిలేశాను.

ఆ తర్వాత రేడియో ఆయన నీ దగ్గరికి వచ్చాడు. చివర్లో దిగి ఇరవై రెండు ఆటలు కాపాడిన కొత్త ఆటగాడు, ముప్పై మూడేళ్లకి ఇది ఎలా వచ్చింది అని అడిగాడు. నువ్వన్నావు: "మా అక్క నేర్పింది. పేరు ఇమోజీన్ కోమ్స్. ఊరు మార్లో గ్యాప్, కెంటకీ. ఆవిడ వేసిన బంతి నేను జన్మలో ఒక్కటీ కొట్టలేదు."

ఆయన నవ్వాడు. యాభైమందిమీ విన్నాం ఆ నవ్వు.

నువ్వు, "మీరు నవ్వడం అయ్యాక మళ్లీ చెప్తాను" అన్నావు. తర్వాత ఊరుకున్నావు. రేడియోలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. కారు పాడైందేమోనని ఒకాయన మీట తిప్పబోతే వాళ్లావిడ చేతి మీద కొట్టింది. చివరికి ఆయన గొంతు సవరించుకుని, "చెప్పండి" అన్నాడు. నువ్వు మళ్లీ మొదట్నుంచి చెప్పావు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎవరూ కత్తిరించలేదు కూడా.

నేను ఏడవలేదు. ఏడ్చానని ఎవరైనా రాస్తే నమ్మకు.

ఇప్పుడు ఇంకో సంగతి. సోమవారం బడి భోజనాల వరసలో ముగ్గురు అమ్మాయిలు ఆగిపోయారు. "మిసెస్ కోమ్స్, మాక్కూడా నేర్పుతారా?" అన్నారు. మంగళవారానికి పదకొండు మంది అయ్యారు. హెడ్మాస్టరు టాకెట్ గారి దగ్గరికి వెళ్లి మైదానం అడిగాను.

"మైదానం అబ్బాయిలదమ్మా. అయినా మీ పని వంటగది వరకే కదా" అన్నాడు.

"వంటగది పని రెండున్నరకి అయిపోతుందండీ. ఆ తర్వాత నా చేతులు నావి" అన్నాను.

"ఉద్యోగం గురించి ఆలోచించుకోండి."

"ఆలోచించే వచ్చానండీ. 'పంపండి' అని మా తమ్ముడు పెద్ద లీగులో అన్నాడు, నేను చిన్న బడిలో అనలేనా?"

ఆయనకి అర్థం కాలేదు. నీకు అవుతుంది.

వచ్చే ఏడాదికి నిన్ను ఉంచుకుంటున్నారని మరదలు రాసింది. ఆఖరి ఆటకి టిక్కెట్టు పంపుతానన్నావు. వద్దు, నేను రాలేను, ఇక్కడ పని ఉంది. రేపు మూడింటికి పదకొండు మంది వస్తున్నారు. పాత గ్లవ్‌లు ఏమైనా ఉంటే పంపు, ఎడంచేతి పిల్లలు ఇద్దరున్నారు.

ఇవాళ మధ్యాహ్నం మైదానం గేటుకి కొత్త తాళం వేయించాడు టాకెట్. వెళ్లి చూసొచ్చాను. తాళం గట్టిదే. కంచె మాత్రం నా నడుం ఎత్తే ఉంది.

నీ అక్క
ఇమోజీన్